గ్యోంగ్జు చూడబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఏప్రిల్ మొదటి వారంలో అత్తగారినీ పిల్లవాడినీ తీసుకుని కొరియా వెళ్తున్నామనీ, సియోల్ నుంచి వెళ్లి గ్యోంగ్జును ఒక్క రోజులో చూసి రావచ్చునా అనీ అడిగావు. పక్కనే ఉన్న ఉల్సాన్‌లో ఏడేళ్లు ఉద్యోగం చేసి, సెలవు దొరికినప్పుడల్లా ఆ ఊరికి వెళ్లినవాడిగా చెబుతున్నాను, రెండు రాత్రులైనా అక్కడ ఉండండి. మొదటిసారి నేను ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేశాను. అన్నీ చూశానన్న మాటే గానీ, నెల తిరిగేసరికి ఏ గుడి ఎక్కడ చూశానో కూడా గుర్తుకు రాలేదు. సంప్రదాయ లెక్క ప్రకారం క్రీ.పూ. 57 నుంచి క్రీ.శ. 935 దాకా శిల్లా అనే పాతకాలపు కొరియా రాజ్యానికి రాజధానిగా ఉన్న ఊరు అది.

టికెట్ తీసుకునేటప్పుడు ఊరి పేరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకో. గ్వాంగ్జు అనే మరో పెద్ద నగరం దేశానికి నైరుతి దిక్కున ఉంది, తొందరలో పొరబడే అవకాశం ఉంది. సియోల్ నుంచి వేగపు రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. ఊరి నడుమ ఉండే పాత స్టేషన్‌ను 2021లో మూసేశారు, ఇప్పటి స్టేషన్ ఊరికి దూరంగా ఉంది కనుక అక్కడి నుంచి బస్సు గానీ టాక్సీ గానీ ఎక్కాలి. బస రాజుల సమాధులకు దగ్గరలో చూసుకోండి. పాతకాలపు పెంకుటిళ్లలో బస అందంగానే ఉంటుంది, కానీ వెచ్చని నేల మీద పరుపు పరిచి పడుకోమంటారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు కదా, మంచం ఉన్న గది కావాలని ముందే అడుగు.

మొదటి రోజు మధ్యాహ్నం దేరుంగ్వాన్‌తో మొదలుపెట్టండి. పచ్చిక కప్పిన పెద్ద పెద్ద దిబ్బలు, ఒక్కొక్కటీ ఒక సమాధి. 1973లో తవ్విన చొన్మాచోంగ్ లోపలికి మాత్రం వెళ్లి చూడవచ్చు. శవపేటిక ఉన్న చెక్క గదిపై బండరాళ్లు కుప్పగా పోసి, ఆ పైన మట్టి కప్పారు. దొంగలు తవ్వబోతే రాళ్లు జారిపడతాయి కనుకనే లోపలి బంగారు కిరీటం మన కాలం దాకా నిలిచింది. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే సొందొక్ మహారాణి కాలపు చొమ్‌సొంగ్‌దే అనే, నక్షత్రాలను గమనించే పాత కట్టడం ఉంది, దానికి పది నిమిషాలు చాలు.

మిగిలిన సమయమంతా నేషనల్ మ్యూజియానికి ఇవ్వండి. ఆవరణలో వేలాడుతున్న సొంగ్‌దొక్ రాజు గంట దగ్గర తొందరపడవద్దు. 771లో పోత పోసిన ఆ గంట బరువు సుమారు 19 టన్నులు. గంట మీద మోకాళ్లూని ధూపపాత్ర పట్టుకున్న గంధర్వ స్త్రీల ఉత్తరీయాలు మంటల్లా పైకి లేచి ఉంటాయి, కంచు మీద ఆ మడతలు చూడండి. పోతలో ఒక పసిబిడ్డను బలి ఇచ్చారనీ, మోగినప్పుడల్లా ఆ బిడ్డ తల్లిని పిలుస్తున్నట్లు వినిపిస్తుందనీ అక్కడివారు కథ చెబుతారు. ఇప్పుడు గంటను మోగించరు, రికార్డు చేసిన నాదాన్ని వినిపిస్తారు. చీకటి పడగానే దగ్గరలోనే ఉన్న వోల్జి చెరువుకు వెళ్లండి. 674లో తవ్వించిన ఆ చెరువును ఏ ఒడ్డున నిలబడి చూసినా మొత్తం ఒకేసారి కనబడకుండా తీర్చారు.

రెండవ రోజు పూర్తిగా పుల్‌గుక్సా గుడికీ, ఆ పైన కొండ మీది సొక్కురాం అనే బౌద్ధ గుహాలయానికీ కేటాయించండి. ఊళ్లోంచి 10, 11 నంబర్ల బస్సులు గుడికి వెళ్తాయి, గుడి నుంచి కొండపైకి 12వ నంబరు బస్సు ఉంది. అది తరచుగా రాదు, కనుక దిగగానే తిరుగు బస్సు వేళ రాసుకో. గుడిలో చాలామంది జంట స్తూపాల ముందు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు ముందు ఆవరణ గోడ అడుగు భాగాన్ని చూడండి: కింద చెక్కని సహజమైన బండలు, వాటి ఎగుడుదిగుళ్లకు అచ్చంగా సరిపోయేలా అడుగు చెక్కి పైన కూర్చిన రాతి దిమ్మలు. తరువాత పిల్లవాడి చేతికి కొరియా పది వోన్ల నాణెం ఇచ్చి, దాని మీద ఉన్న స్తూపం ఎక్కడుందో వెతకమను. అదే తాబోతాప్. దాని నాలుగు సింహాల్లో ఇప్పుడు మిగిలింది ఒక్కటే. ఎదురుగా ఏ అలంకారమూ లేని సొక్కాతాప్‌లో 1966లో ఒక ధారణీ సూత్రం, అంటే బౌద్ధ మంత్రాల గ్రంథం, దొరికింది, లోకంలో మిగిలిన అతి పురాతన ముద్రిత గ్రంథాల్లో దానిని లెక్కిస్తారు.

సొక్కురాంలో గాజు తెర వెనుక తూర్పు సముద్రం వైపు చూస్తూ సుమారు మూడున్నర మీటర్ల బుద్ధుడు కూర్చుని ఉంటాడు, ఫొటోలు తీయనివ్వరు. మన గుహాలయాలు కొండను తొలిచి చేసినవి, ఇది మాత్రం గ్రానైట్ పలకలను గుమ్మటంగా పేర్చి పైన మట్టి కప్పి గుహగా చేసినది. అమరావతి శిల్పాలు చిన్నప్పటి నుంచి చూసిన నాకు అక్కడ నిలబడినప్పుడల్లా హ్యేచో గుర్తుకు వచ్చేవాడు. శిల్లాకు చెందిన ఆ భిక్షువు 8వ శతాబ్దంలో మన దేశం తిరిగి, దక్షిణాదిన కొండల్లో నాగార్జునుడి పేరుతో ఉన్న మహావిహారం పాడుబడి ఉందని రాశాడు.

భోజనం సంగతి: కిమ్చిలో చేపల రసం కలుస్తుంది, కూరగాయల పులుసులోనూ చేపల మరుగు నీరు ఉండవచ్చు. మాంసం, గుడ్డు వద్దని కొరియన్‌లో కాగితం మీద రాయించుకుని, కూరగాయల బిబింబాప్, అంటే కూరలు కలుపుకుని తినే అన్నం, అడగండి. హ్వాంగ్నమ్ రొట్టెలో ఎర్రచిక్కుడు గింజల పూర్ణం ఉంటుంది, మన బూరె రుచి గుర్తుకు వస్తుంది, అయితే పిండిలో గుడ్డు పడుతుంది కనుక అత్తగారికి ఆ మాట ముందే చెప్పు.

మూడవ రోజు ఉదయం, రైలుకు ముందు, హ్వాంగ్న్యోంగ్సా అనే పాత బౌద్ధ గుడి ఉండిన పొలానికి వెళ్లి రండి. అక్కడ తొమ్మిది అంతస్తుల చెక్క స్తూపం ఉండేది, 1238లో మంగోలులు తగలబెట్టారు. ఇప్పుడు స్తంభాల కింది పునాది రాళ్లే వరుసగా ఉన్నాయి. వాటి మధ్య అత్తగారిని నెమ్మదిగా నడిపించు, అక్కడ మెట్లు లేవు.

ఆశీస్సులతో,
మామయ్య