పేగు నల్లబడిందని రిపోర్టులో వస్తే క్యాన్సరేనా? నాకు జరిగింది చెబుతాను

మీ అమ్మగారి కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) రిపోర్టులో ‘మెలనోసిస్ కోలై’ అని రాశారని, పేగు లోపలంతా నల్లగా ఉందన్నారని, అది క్యాన్సరా అని అడిగారు. ఆ నలుపు క్యాన్సర్ కాదు. నేను డాక్టర్ని కాను, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. కానీ ఇదే మాట నా రిపోర్టులో చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు కాబట్టి రాస్తున్నాను.

మలబద్ధకం నాకు పాత చుట్టం. ఎవరో చెబితే ఒక చూర్ణం మొదలుపెట్టాను. రాత్రి గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు కలుపుకుని తాగితే తెల్లారేసరికి హాయి. ఆకుమందే కదా, ఏం చేస్తుందిలే అనుకుంటూ ఆరేళ్ళు లాగించాను. చెంచా కాస్తా రెండు చెంచాలైంది. ఒకరోజు రక్తం పడటంతో భయపడి పరీక్షకు వెళ్ళాను. రక్తం మొలల వల్లేనట. కానీ లేత గులాబీ రంగులో ఉండాల్సిన పేగు ఆ స్క్రీన్ మీద రక్తపింజరి ఒళ్ళులా, ముదురు గోధుమ రంగు మచ్చలతో కనిపించింది.

“సునాముఖి వాడుతున్నారా?” అన్నాడు డాక్టరు. లేదన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఇంటికొచ్చి డబ్బా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ‘స్వర్ణపత్రి’ అని ఉంది. విరేచనానికి వాడే సునాముఖి ఆకుకి సంస్కృతంలో పేరు అదే! మీరూ ముందు అమ్మగారు వాడే చూర్ణాలు, మాత్రల డబ్బాలు వెతకండి. ముసాంబరం (ఎండిన కలబంద రసం), రేవల్చిన్ని (రూబార్బ్ వేరు) ఉన్నా ఇదే కథ. ఇసబ్‌గోల్, ఆముదం ఈ జాతివి కావు.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు ఓపిగ్గా చెప్పింది ఇదీ. సునాముఖిలోని మందు పెద్దపేగుదాకా అలాగే వెళ్తుంది. అక్కడి బాక్టీరియా దాన్ని విడగొడితేనే అది పనిచేస్తుంది. ఆ పని చేస్తూ చేస్తూ పేగు పైపొరలో కొన్ని కణాల్ని చంపుతుంది. చచ్చిన కణాల్ని మింగి శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్‌లనే కణాలున్నాయి. అవి మింగుతాయి గానీ పూర్తిగా అరిగించుకోలేవు. అరగని చెత్త లైపోఫసిన్ అనే గోధుమ రంగు రేణువులుగా వాటి కడుపులోనే పేరుకుంటుంది. వయసు మళ్ళినకొద్దీ గుండె కండరంలో, మెదడు కణాల్లో చేరే రంగు కూడా ఇదే రకం. మెదడు కణాలు పుట్టినప్పటివే, మారవు కాబట్టి అక్కడ చేరింది అక్కడే ఉండిపోతుంది. పేగులో పాత కణాలు పోయి కొత్తవి వస్తుంటాయి కాబట్టి మందు మానేస్తే నెలల్లో, సాధారణంగా ఏడాదిలోపు, నలుపు పోతుంది.

అసలు చిక్కంతా పేరుతోనే. 1857లో విర్కో అనే జర్మన్ డాక్టరు ఆ నలుపుని చర్మానికి రంగునిచ్చే మెలనిన్ లాంటిదనుకుని ఈ పేరు పెట్టాడు. అందులో మెలనిన్ లేదని తర్వాత తేలింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మనలాంటివాళ్ళు గూగుల్‌లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ దాకా వెళ్ళి టెన్షన్ పడటానికి!

ఇంకో తమాషా. పాలిప్‌లకి, అంటే పేగు లోపలి గోడ మీద మొలిచే బుడిపెలకి, ఆ రంగు అంతగా అంటదు. నా నల్లటి పేగులో ఒక చిన్న పాలిప్ తెల్లగా మెరుస్తూ దొరికిపోయింది, అప్పుడే తీసేశారు. దానికోసమే మూడేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే పేగు మామూలు రంగుకి వచ్చేసింది.

మానడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. మొదటి మూడు వారాలు నరకం. ఒక్కసారిగా ఆపకుండా, డాక్టరు చెప్పినట్టు తగ్గిస్తూ వచ్చాను. ఇసబ్‌గోల్‌కి రెండు పెద్ద గ్లాసుల నీళ్ళు తాగాలి, నీళ్ళు తక్కువైతే ఇంకా గట్టిపడుతుంది. థైరాయిడ్ కూడా పరీక్ష చేయించారు. అది మందగించినా మలబద్ధకం వస్తుందట, నాకైతే లేదు.

ఒక్క సంగతి అడగాలి. అమ్మగారికి అసలు కొలనోస్కోపీ ఎందుకు చేశారు? రక్తం పడటం, రక్తహీనత, బరువు తగ్గడం లాంటివి ఏమైనా ఉంటే వాటికి ఈ నలుపు కారణం కాదు. రిపోర్టులో పాలిప్ గురించి ఏమైనా రాశారా, బయాప్సీకి ముక్క తీశారా అన్నది చూసి, ఆ కాగితంతో పాటు చూర్ణం డబ్బా కూడా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.