పొటాటో సలాడ్ తిని వాంతులు: తప్పు మయోనీజ్‌దేనా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఏటా జులై 4న (అమెరికా స్వాతంత్ర్య దినం) నాలుగైదు తెలుగు కుటుంబాలం కలిసి పార్కులో కుకౌట్ (ఆరుబయట వండుకునే విందు) పెట్టుకుంటాం. పోయినేడాది పొటాటో సలాడ్ నేనే చేశాను. పొద్దున్నే దుంపలు, గుడ్లు ఉడికించి, తొక్క తీసి, వేడి మీదే మయోనీజ్ కలిపి, పెద్ద అల్యూమినియం ట్రేలో సర్ది కారు డిక్కీలో పెట్టాం. తొమ్మిదిన్నరకి బయల్దేరాం, భోజనాలయ్యేసరికి రెండు దాటింది. సాయంత్రం ఐదింటికల్లా ముగ్గురికి వాంతులు పట్టుకున్నాయి. మయోనీజ్ వల్లే అని అందరూ తేల్చేశారు. ఈసారి అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. మామగారికి 68 ఏళ్లు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటారు. అత్తగారు గుడ్డు తినరు. మా ఆడపడుచుకి ఐదో నెల. మయోనీజ్ మానేసి పెరుగుతో చేస్తే సరిపోతుందా? ఎవరికి ఏ రకం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: అన్నీ టైముతో సహా రాశారు కాబట్టి అసలు తేడా ఎక్కడొచ్చిందో చెప్పడం తేలికైంది. మయోనీజ్ మానేసినంత మాత్రాన సరిపోదమ్మా. పోయినేడాది చేసినట్టే చేసి, మయోనీజ్ బదులు పెరుగు కలిపినా అదే జరిగే అవకాశం ఉంది.

షాపులో సీసాల్లో అమ్మే మయోనీజ్‌లో వెనిగర్ ఉంటుంది. దాని పులుపులో హాని చేసే బ్యాక్టీరియా పెరగదు. అందులో వాడే గుడ్లు కూడా పాశ్చరైజ్ చేసినవే. ఇంట్లో పచ్చి గుడ్డు సొనతో చేసుకునే మయోనీజ్ సంగతి వేరు, దానితో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం ఉంటుంది, అది ఎవరికీ వద్దు. సలాడ్‌లో ప్రమాదమంతా దుంపల దగ్గర, గుడ్ల దగ్గర ఉంది. ఉడికిన బంగాళాదుంపలో తేమ, పిండిపదార్థం దండిగా ఉంటాయి, పులుపు ఉండదు. బ్యాక్టీరియాకి అంతకంటే ఏం కావాలి? మీరు కలిపిన మయోనీజ్‌లోని పులుపు అన్ని దుంపలకి ఏ మూలకీ చాలదు.

ఇక చేతులు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా నలుగురిలో ఒకరి ముక్కులో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. చేతుల మీద, చిన్న చిన్న గాయాల్లో కూడా ఉంటుంది. ఉడికిన దుంపకి, గుడ్డుకి వేళ్లతో తొక్క తీస్తున్నప్పుడు అది అంటుకుంటుంది. ఆ తర్వాత సలాడ్ గోరువెచ్చగా ఉన్నంతసేపూ పెరిగి, విషపదార్థాన్ని తయారుచేస్తుంది. రుచి మారదు, వాసన రాదు. ఈ విషం వేడికి కూడా పోదు, కాబట్టి మళ్లీ వేడిచేసి తిన్నా లాభం లేదు. తిన్న అరగంట నుంచి 8 గంటల్లోపు ఒక్కసారిగా వాంతులు మొదలవుతాయి. మీ వాళ్లకి మూడు గంటల్లో మొదలయ్యాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. పరీక్ష చేయకుండా ఇదేనని ఖాయంగా చెప్పలేం. ఆ రోజు అన్నమో, బిర్యానీయో కూడా బయటే ఉండి ఉంటే, అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వల్ల కూడా సరిగ్గా ఇలాగే వాంతులవుతాయి.

మీ ట్రే గురించి ఒకసారి ఆలోచించండి. వేడి దుంపలన్నీ ఒకే పెద్ద ట్రేలో సర్దారు. పైన చల్లగా అనిపించినా మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. దాన్ని జులై నెలలో టెక్సాస్ ఎండలో కారు డిక్కీలో పెట్టారు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ఏమిటంటే, 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 4 నుంచి 60 సెల్సియస్) మధ్య వండిన ఆహారం రెండు గంటలకి మించి ఉండకూడదు. బయట 90 డిగ్రీలు (32 సెల్సియస్) దాటితే గంటే. మీ సలాడ్ నాలుగున్నర గంటలకి పైగా ఉంది. మయోనీజ్ మీద నింద వేసి ఈ సంగతి వదిలేస్తే ఈ ఏడాదీ అంతే.

కాబట్టి ఈసారి ముందు రోజు రాత్రే చేసేయండి. ఎర్ర తొక్క దుంపలు, లేదా యూకాన్ గోల్డ్ తీసుకోండి, ముక్క చెదరదు. రసెట్ దుంపలు వేపుళ్లకి, మెదపడానికి బాగుంటాయి గానీ సలాడ్‌లో పిండైపోతాయి. తొక్క ఆకుపచ్చగా మారినవి, మొలకలు బాగా వచ్చినవి పారేయండి. వాటిలోని సొలనిన్ అనే విషం ఉడికించినా పోదు. చన్నీళ్లలో ఉప్పు వేసి దుంపలు పెట్టి, అప్పుడు స్టవ్ వెలిగించండి, లోపలా బయటా సమానంగా ఉడుకుతాయి. నీళ్లు వంచాక వెడల్పాటి బేకింగ్ ట్రేలో ఒకే వరసగా పరిచేయండి. ఆవిరి పోతుండగానే రెండు మూడు చెంచాల వెనిగర్ చల్లండి. వేడి ముక్కలు పులుపుని లోపలికంటా పీల్చుకుంటాయి, రుచి కూడా బాగా దిగుతుంది. ప్రయాణానికి పెరుగన్నం కంటే పులిహోర కట్టుకెళ్లడం మనవాళ్లకి అలవాటే కదా, ఈ పులుపూ అలాంటిదే. కాకపోతే ఇది కొంత సాయమే తప్ప, ఫ్రిజ్ అక్కర్లేదని కాదు. చేతులు కడుక్కుని, వేలికి కోసుకున్న గాయం ఉంటే గ్లవ్స్ వేసుకోండి. ముక్కలు చల్లారి ఫ్రిజ్‌లో చల్లబడ్డాకే మయోనీజో, పెరుగో కలపండి. కలిపిన సలాడ్‌ని రెండంగుళాలకి మించని లోతున్న డబ్బాల్లో పెట్టండి. అలా చేసింది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది.

ఇక ఎవరికి ఏది అన్నారు. నేనైతే ఒకే దుంపల నుంచి మూడు రకాలు చేస్తాను.

పిల్లలకి, గుడ్డు తినేవాళ్లకి అమెరికన్ పద్ధతి: మయోనీజ్, పసుపురంగు ఆవపిండి సాస్, సెలరీ, తీపి పికిల్ రెలిష్, గట్టిగా ఉడికించిన గుడ్డు. టెక్సాస్‌లో ఆవ ఘాటు కాస్త ఎక్కువే వేస్తారు, అది మన నోటికీ నచ్చుతుంది. కాకపోతే ఒక టేబుల్ స్పూన్ మయోనీజ్‌లో దాదాపు 90 నుంచి 100 క్యాలరీలు ఉంటాయి. సగం మయోనీజ్, సగం గట్టి గ్రీక్ పెరుగు కలిపితే రుచి పెద్దగా మారదు, కొవ్వు బాగా తగ్గుతుంది. మీరడిగిన పెరుగు ఉపయోగం ఇక్కడ ఉంది, వాంతులు ఆపడంలో కాదు.

మామగారికి దక్షిణ జర్మనీ పద్ధతి నాకు నచ్చుతుంది. మయోనీజ్ ఉండదు. ఉల్లిపాయ, వెనిగర్, ఆవ సాస్, నూనె, కాస్త వేడి బ్రాత్ (మాంసమో, కూరగాయలో ఉడికించిన రసం) పోసి కలుపుతారు. అక్కడ మాంసం బ్రాత్ వాడతారు, మీరు కూరగాయల బ్రాత్ వాడండి. షుగర్ ఉన్నవాళ్లకి దుంప పూర్తిగా నిషేధం అంటూ ఇంట్లో గొడవ పెట్టుకోనక్కర్లేదు. ఉడికించి రాత్రంతా చల్లబరచిన దుంపలో పిండిపదార్థం కొంత రెసిస్టెంట్ స్టార్చ్‌గా మారుతుంది, అది అంత త్వరగా అరగదు. వెనిగర్ కూడా షుగర్ ఎక్కే వేగాన్ని తగ్గిస్తుంది. అలాగని గిన్నెడు తినమని కాదు. అరకప్పు ఉడికిన దుంపలో సుమారు 15 గ్రాముల కార్బోహైడ్రేట్లు ఉంటాయి. ఆయన ఆ అరకప్పు తీసుకుంటే, బర్గర్ బన్ను, స్వీట్ టీ పక్కన పెట్టమనండి. చికెనో, పనీరో, పచ్చి కూరలో ఎక్కువ తినొచ్చు. ఆయనకి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) ఎక్కువుంటే దుంపలోని పొటాషియం కూడా చూడాలి. అప్పుడు ముక్కలు చిన్నగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. అలా చేసినా ఎంత తినవచ్చో ఆయన డాక్టర్‌ని అడిగే తేల్చుకోండి.

ఇంకో మాట, ఇది సలాడ్ కంటే ముఖ్యం. గ్లిమిపిరైడ్ వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. కుకౌట్‌లో గ్రిల్ వెలిగేసరికే ఒంటిగంట దాటుతుంది, మాటల్లో టైము తెలియదు. చెమటలు, వణుకు, కంగారు వస్తే ఎండకే అనుకుంటారు. ఆయన జేబులో గ్లూకోజ్ బిళ్లలు పెట్టండి, మీటర్ వెంట తీసుకెళ్లండి, అందరికంటే ముందు ఆయనకి వడ్డించండి.

అత్తగారికి మన బంగాళాదుంప పెరుగు పచ్చడే చేయండి, మిగతావాళ్లూ వదలరు. చల్లటి ముక్కల్లో చిక్కటి పెరుగు, ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి కలిపి, ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టండి. తాలింపు పూర్తిగా చల్లారాకే పెరుగులో వేయండి. వేడిది వేస్తే పెరుగు విరిగినట్టవడమే కాక, మొత్తం గిన్నె మళ్లీ వెచ్చబడుతుంది. షాపు మయోనీజ్‌లో గుడ్డు ఉంటుంది కాబట్టి ఆవిడకి వడ్డించే గరిటె వేరుగా ఉంచండి.

ఆడపడుచుకి ఇంట్లో చేసినవి ఏవైనా పెట్టొచ్చు, గుడ్డు సొన గట్టిపడేదాకా ఉడకాలి, అంతే. ఆమెకి వద్దని చెప్పాల్సింది షాపుల్లో, డెలీ కౌంటర్లలో ముందే కలిపి అమ్మే పొటాటో సలాడ్. గర్భిణులు దాన్ని మానాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా చెబుతోంది. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులతో పోయినా, కడుపులో బిడ్డకి ప్రాణాపాయం కావచ్చు. అందుకే ఎవరైనా దారిలో కొనుక్కొచ్చిన డబ్బాని మొహమాటపడి ఆమె ప్లేటులో వేయొద్దు. హాట్‌డాగ్‌లు కూడా పొగలు కక్కేదాకా వేడిచేశాకే.

అల్యూమినియం రేకులో చుట్టి కాల్చిన దుంపలు మిగిలితే వాటితో సలాడ్ చేద్దామని కొందరు బయటే ఉంచుతారు. అది మాత్రం అసలు చేయకండి. రేకు లోపల గాలి ఆడదు, అక్కడ నరాలను దెబ్బతీసే బొటులిజం విషం పుడుతుంది. మీ టెక్సాస్‌లోనే 1994లో ఎల్ పాసోలో ఒక రెస్టారెంట్‌లో అలా ఉంచిన దుంపలతో చేసిన డిప్ తిని 30 మంది జబ్బుపడ్డారు. 2015లో ఒహాయోలోని లాంకస్టర్‌లో చర్చి విందులో పొటాటో సలాడ్ తిని 29 మందికి బొటులిజం వచ్చింది, ఒకరు చనిపోయారు. ఇంట్లో సీసాల్లో సరిగ్గా ప్రెషర్ పెట్టకుండా నిల్వచేసిన దుంపలు దానికి కారణం. ఇలాంటివి అరుదే. కానీ చూపు మసకబారడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకుండా 911కి ఫోన్ చేయాలి.

పార్కుకి తీసుకెళ్లేటప్పుడు సలాడ్ డబ్బాల కూలర్, కూల్‌డ్రింకుల కూలర్ వేరువేరుగా ఉండాలి. డ్రింకుల కోసం పిల్లలు నిమిషానికోసారి మూత తీస్తారు. కూలర్‌ని డిక్కీలో కాకుండా ఏసీ వచ్చే వెనక సీటు దగ్గర పెట్టండి. మొత్తం ఒకేసారి బయటపెట్టకండి. చిన్న గిన్నెలో తీసి, దాన్ని ఐసు నింపిన పళ్లెంలో ఉంచి నీడలో పెట్టండి, అయిపోతే ఇంకో డబ్బా తెరవండి. బయట గంట దాటిన గిన్నె ఎంత మిగిలినా పారేయండి. పారేయడానికి మనకి చేయి రాదు, తెలుసు. ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెడితే చల్లబడుతుందే తప్ప, అప్పటికే పుట్టిన విషం ఎక్కడికీ పోదు.

ఇంత చేసినా ఎవరికైనా వాంతులు మొదలైతే టెన్షన్ పడకుండా ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా పట్టండి. అక్కడ ఫార్మసీల్లో పీడియాలైట్ దొరుకుతుంది, పెద్దవాళ్లూ తాగొచ్చు. స్టాఫిలోకాకస్ వల్ల వచ్చే వాంతులు సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతాయి, యాంటీబయాటిక్ పనిచేయదు. జ్వరం గానీ, విరేచనంలో రక్తం గానీ ఉంటే విరేచనాలు కట్టడానికి మాత్రలు వేయకండి. నీళ్లు కూడా నిలవకపోయినా, 102 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, మూత్రం తగ్గి నిలబడితే కళ్లు తిరుగుతున్నా ఆసుపత్రికి వెళ్లాలి. ఆడపడుచుకి మామూలు జ్వరం వచ్చినా ఆమె గైనకాలజిస్టుకి అదే రోజు చెప్పండి. మామగారికి వాంతులైతే ఆ పూట మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేయాలా వద్దా అన్నది సొంతంగా నిర్ణయించకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్‌తో, తిండి లేనప్పుడు గ్లిమిపిరైడ్‌తో ఇబ్బంది వస్తుంది. గుంటూరులో ఆయన్ని చూసే డాక్టర్‌ని ఇప్పుడే వాట్సాప్‌లో అడిగి ఆ జవాబు ఫోన్‌లో సేవ్ చేసుకోండి, పండగ రోజు మధ్యాహ్నానికి అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఆయన విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు, మందుల చీటీ ఆ రోజు మీ బ్యాగ్‌లో పెట్టుకోవడం మరిచిపోకండి.