నీ గుర్రం మేత ఎప్పుడు తింటాది?

తమ్ముడూ,

నీ కథ బస్సులో సగం, ఇంటికొచ్చినాక సగం చదివినా. కడపలో పుట్టి పెరిగి కాకతీయుల కాలం నాటి మోటుపల్లి రేవు పక్కన గుర్రాల మీద తిరిగే కుటుంబాల గురించి రాయాలనుకున్నావ్ చూడు, ఆ తెగింపు నాకు నచ్చింది. కానీ ఒకటి అడుగుతా, నీ గుర్రం మొదటి పేజీ నుంచి పరిగెత్తతానే ఉండాది, అది మేత ఎప్పుడు తింటాది? నీళ్ళు ఎవరు పెడతారు, లద్దె ఎవరు ఎత్తుతారు?

రౌతుకు మీసం, తలపాగా, బల్లెం అన్నీ పెట్టినావ్, వాళ్ళింట్లో ఆడోళ్ళకు మాత్రం ఒక్క డైలాగూ లేదు. గుర్రాన్ని సాకేది ఇల్లంతా కలిసి కదప్పా. మన అనంతపురం పక్క ఉలవలు ఎట్లా ఉడకేస్తారో చూసే ఉంటావ్, రాత్రి నానబెట్టి పొద్దున్నే పొయ్యి మీద పెడితే గింజ రెండు వేళ్ళ మధ్య మెత్తగా నలిగేదాకా ఉడకాల, నీళ్ళు వార్చి చారు కాచుకుంటారు, గింజలు ఎద్దులకు పోతాయి. గుర్రానికీ అదే దాణా పెట్టించు, అప్పుడు దాని గింజలు ఉడికిన నీళ్ళే ఆ ఇంటి పిల్లోళ్ళకు చారు అయితాది, కరువొస్తే ఆ గింజలు ఎవరికి అని ఇంట్లో కొట్లాట కూడా అయితాది.

ఇంకోటి, ఎండిన ఇసకలో డెక్క దిగబడి గుర్రం తొందరగా అలిసిపోతాది, తెలిసిన రౌతు అలలు తడిపిన గట్టి అంచు పట్టుకునే పోతాడు. నువ్వు నడి ఇసకలో ఉరికించినావ్, సినిమా బాగా చూస్తావనుకుంటా.

చరిత్ర సంగతికొస్తే, మోటుపల్లిలో కాకతీయ రాజు గణపతిదేవుడి అభయ శాసనం ఉంది కదా, ఓడ వ్యాపారులకు భయం లేదని మాటిచ్చిన రాయి, 1244 నాటిది. తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ముందరి రాజులు లాక్కునేవాళ్ళు, మేము మాత్రం సుంకం తప్ప మిగతాది ముట్టుకోము అని రాయించినాడు, సుంకం ముప్పైకి ఒకటి. సరే, ఆ శాసనం రాకముందు ఒక గుర్రం తడిసిపోయి ఒక్కటే ఒడ్డుకొచ్చింది అనుకో, ఆ ఊరోళ్ళు దాన్ని దాచిపెడతారా, రాజు మనుషులకు పట్టిస్తారా? నీ కథ ఆడ ఉండాది, నువ్వేమో యుద్ధంలో వెతుకుతాండావ్.

ఆ తోక సీన్ తీసేయ్. సాళువ నరసింహరాయలు సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా డబ్బులిచ్చేవాడని పోర్చుగీసాయన నూనిజ్ రాసినమాట నిజమే, కానీ అవి పడమటి సముద్రం అవతల హోర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి వచ్చే గుర్రాలు, విజయనగరం కాలం, నీ కథకూ దానికీ రెండొందల ఏండ్ల పైన తేడా. అంత మంచి సంగతి వదులుకోవాలంటే ప్రాణం ఒప్పదు, తెలుసు, ఇంకో కథకు దాచుకో.

మీ ఊర్లో జట్కా తోలిన ముసలోళ్ళు ఎవరన్నా ఉంటే పోయి కూర్చో. లాడం కొట్టేటప్పుడు కాలు ఎట్లా పట్టుకుంటారు, కడుపుశూల వస్తే ఏం చేసేవాళ్ళు అడుగు, గుర్రానికి వాంతి కాదు, అందుకే అది పొట్ట వైపు తిరిగి తిరిగి చూస్తాందంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. పెద్దాయన చెప్పేటప్పుడు ఫోన్ రికార్డర్ ముందర పెట్టొద్దు, బిగుసుకుపోతారు.

తిరగరాసినాక వాట్సాప్‌లో మాత్రం పంపకు, కండ్లు లాగుతాండాయి, ప్రింట్ తీసి పోస్టులో వెయ్యి, పక్కన రాసేకి కాస్త మార్జిన్ వదులు.

మీ అన్న