'టేక్ ఆఫ్' తెలుగులోకి వచ్చేటప్పుడు

ప్రియమైన మిత్రులకు,

మీ అనువాద కథను శ్రద్ధగా చదివాను. వాక్యం నడిపే నేర్పు మీకున్నది. అయితే మూలంలో 'టేక్ ఆఫ్' అనే క్రియ వచ్చిన ప్రతిచోటా 'తీసివేయు' అని రాయడం వల్ల, గొడవ ముదరగానే గది విడిచి వెళ్లిపోయిన యువకుడు కూడా ఏదో తీసివేసినవాడుగా మారిపోయాడు.

'టేక్', 'ఆఫ్' అనే మాటల అర్థాలను విడివిడిగా వెతికి కలిపితే ఈ క్రియ అంతుపట్టదు. ముందుగా దానికి కర్మ ఉన్నదో లేదో చూడండి. కర్మ లేనప్పుడు విమానం నేల విడిచి పైకి లేస్తుంది, మనిషి ఉన్నట్టుండి వెళ్లిపోతాడు, వ్యాపారం ఊపందుకుంటుంది. కర్మ ఉంటే సాధారణంగా ఒంటిమీది వస్తువును తీయడమో, ధర తగ్గించడమో, బ్రిటిష్ వాడుకలోనైతే ఒకరి మాటతీరును అనుకరించి నవ్వించడమో అవుతుంది. 'టేక్ ఎ డే ఆఫ్' అంటే ఒకరోజు సెలవు పెట్టడం.

కర్మ ఉండే చోటు కూడా గమనించవలసినదే. 'టేక్ ఆఫ్ యువర్ షూస్' అన్నా, 'టేక్ యువర్ షూస్ ఆఫ్' అన్నా చెల్లుతుంది. సర్వనామం వస్తే మాత్రం 'టేక్ దెమ్ ఆఫ్' అనే అనాలి. కనుక 'ఆఫ్' ఎంత దూరాన కనబడినా దాన్ని క్రియతో కలిపే చదవండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఒంటిమీది వస్తువుల సంగతి. ఇంగ్లీషు ఒక్క క్రియతో సరిపెట్టుకునే చోట తెలుగు వస్తువును బట్టి మాట మారుస్తుంది: చొక్కా విప్పుతాము, చెప్పులు విడుస్తాము, ముసుగు తొలగిస్తాము. మీ కథలోని వైద్యుడు కోటును, కళ్లద్దాలను, చేతి తొడుగులను వరుసగా 'తీసివేశాడు'. అతడు తొడుగులు ఊడదీసి, కోటు విప్పి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడని రాస్తే, బిగిసిన రబ్బరును లాగే వేళ్లు, గుండీల దగ్గర ఆగే చేయి వేర్వేరుగా కనిపిస్తాయి. అతని అలసట కూడా, మీరు వేరే చెప్పకుండానే, పాఠకుడికి అందుతుంది.

విమానం విషయంలో కొత్త మాట పుట్టించే శ్రమ వద్దు. 'విమానం టేకాఫ్ అయింది' అని అందరూ అంటున్నారు. పైలట్ సంభాషణలో దాన్ని అలాగే ఉంచండి. కథనంలో మాత్రం 'విమానం గాలిలోకి లేచింది' అన్నదే నాకు ఇష్టం.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి