అమెరికా తుపాకీ హక్కుల ఉద్యమం ముందు దేనికోసం పోరాడాలో ఎలా తేల్చుకుంటుంది?

గెలుపు ఎక్కడ సాధ్యమో చూసుకుని. ఈ ఉద్యమంలో ప్రధాన సంస్థ, 1871లో పుట్టిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్, మొదట్లో గురి తప్పకుండా కాల్చడం నేర్పే సంస్థ. 1977లో సిన్సినాటి సమావేశంలో సభ్యులు పాత నాయకత్వాన్ని దించేశాక చట్టాలపై పోరాటమే ప్రధానమైంది. నా దృష్టిలో అసలు మలుపు అదే. దాన్ని మరచిపోతే తర్వాతి కథ అర్థం కాదు.

అమెరికా చట్టసభలో ఎగువ సభ అయిన సెనేట్‌లో సాధారణంగా వందలో 60 ఓట్లు లేనిదే వివాదాస్పద బిల్లు కదలదు. అందుకే బరువంతా రాష్ట్రాల మీద, కోర్టుల మీద పెట్టారు. 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన హెల్లర్ తీర్పు ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కని చెప్పింది. అదే కోర్టు 2022లో ఇచ్చిన బ్రూయెన్ తీర్పు ఆ హక్కును ఇంటి గడప దాటించింది. సగానికి పైగా రాష్ట్రాల్లో ఇప్పుడు అనుమతి పత్రం లేకుండానే తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. ఒక రాష్ట్రపు అనుమతి దేశమంతటా చెల్లాలన్న బిల్లును మాత్రం 2017లో ప్రతినిధుల సభ ఆమోదించినా, అది సెనేట్ దాటలేదు.