ఈ అంకె ఎవరిది బాబూ?

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. నేను చీపురుపల్లి నుంచి రోజూ ప్యాసింజరు బండిలో విజయనగరం వెళ్లి బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కళాశాలలో జీవితానికి పనికొచ్చేది ఏం నేర్చుకున్నారని ఉద్యోగాల ఇంటర్వ్యూలలో అడుగుతారట. హాస్టల్లో ఉన్నవారికీ నాటకాలు వేసినవారికీ చెప్పుకోవడానికి ఎంతో ఉంటుంది. నాకు రైలు, క్లాసు, ల్యాబు, రికార్డు తప్ప మరేమీ లేవు. మూడేళ్లూ వృథా అయిపోయాయేమోనని దిగులుగా ఉంది. ఆ రోజుల్లో మీరేం నేర్చుకున్నారు?
– ఒక విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: అమ్మా, ల్యాబును నువ్వు ఏమీ లేనివాటి జాబితాలో వేశావు కానీ, నేను నేర్చుకున్నది అక్కడే.

విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. ఆ తర్వాత రెండేళ్లకు నేను బీఎస్సీలో చేరాను. నేనూ నీలాగే బండి మనిషిని. ఒక సాయంత్రం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేషన్, అంటే క్షారానికి సరిగ్గా సరిపోయే ఆమ్లం ఎంతో కొలిచే ప్రయోగం, చేస్తున్నాను. శంకు కుప్పెలోని 20 మి.లీ. క్షారంలో ఫినాఫ్తలీన్ చుక్కలు వేస్తే వచ్చిన గులాబీ రంగు, బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం నుంచి ఆమ్లం చుక్కచుక్కగా పడి సరిగ్గా ఏ అంకె దగ్గర పోతుందో చూడాలి. మొదటిసారి 20.6 వచ్చింది, రెండోసారి 19.9 వచ్చింది. రెండు రీడింగులు కలిసేదాకా మళ్లీ చేయాలి, కానీ బండికి వేళవుతోంది. పక్క బల్ల మీది మిత్రుడికి రెండుసార్లూ 19.8 వచ్చిందని చూసి, నా రికార్డులోనూ అదే రాసేసి సంతకానికి తీసుకువెళ్లాను.

మా లెక్చరరు గారు పుస్తకాన్ని చూసి, నా ముఖం చూసి, "ఈ అంకె ఎవరిది బాబూ?" అని మాత్రం అడిగారు. కోప్పడలేదు. అసలు అంకెలు చెప్పించి, నా బల్ల దగ్గరకు వచ్చి, బ్యూరెట్‌ను మళ్లీ నింపమన్నారు. నేను నింపేది చూసి, మొనలో నిలిచిపోయిన గాలి బుడగను వేలితో చూపించారు. మొదటిసారి కూడా అలాగే నింపాను కనుక, ఆ బుడగ పోయి దాని చోటు నిండడానికి పట్టిన ఆమ్లం కుప్పెలో పడకుండానే లెక్కలోకి ఎక్కిందని అప్పుడు అర్థమైంది. నా తప్పు ఎక్కడుందో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్ష్యం ఆ 20.6. దాన్నే నేను దాచిపెట్టాను. ఆ రోజు బండి తప్పిపోయింది. ఇల్లు చేరేసరికి రాత్రయింది.

తరువాత పార్వతీపురం వైపు ఒక పాఠశాలలో లెక్కలు చెప్పాను. ఒక ఏడాది భిన్నాల పరీక్షలో తరగతిలో సగానికి పైగా తప్పారు. పై అధికారులకు పంపే కాగితంలో తలా నాలుగు మార్కులు కలిపితే అడిగేవారు లేరు. కలం చేతిలోకి తీసుకున్నాక మా మాస్టారి ప్రశ్న గుర్తుకు వచ్చి, వచ్చిన మార్కులే వేసి, హాజరు పట్టీ తీసి చూశాను. తప్పినవారిలో ఎక్కువమంది వరి కోతల రోజుల్లో చంటిపిల్లలను చూసుకోవడానికి ఇంటి దగ్గర ఉండిపోయినవారు, నేను భిన్నాలు మొదలుపెట్టింది ఆ వారాల్లోనే. పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

మన గురజాడ అప్పారావు గారు విజయనగరం మహారాజా కళాశాలలోనే చదివి, అక్కడే పాఠం చెప్పినవారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గినప్పుడు, ఆయన వ్యావహారిక భాష కోసం తన అసమ్మతిని విడిగా రాసి ఇచ్చారు. పక్కవారి అంకెను తన పుస్తకంలోకి ఎక్కించుకోలేదని నేను దాన్ని నా ల్యాబు భాషలో చదువుకుంటాను. పోలిక నాకు నేను చేసుకున్నదే.

ఇక నీ సంగతి. ఈ ఆదివారం నీ రికార్డులన్నీ ముందేసుకుని కూర్చో. ఎక్కడ కొట్టివేసి మళ్లీ రాశావో, ఎక్కడ ఎవరిదైనా చూసి రాశావో నీకు తెలుస్తుంది. అందులో ఒక్క దాన్ని ఎంచుకుని, ఆ రోజు ఏం జరిగిందో ముందు తెలుగులో ఒక పేజీ రాసుకో. ఇంటర్వ్యూలో అడిగితే ఆ పేజీలోనిదే చెప్పు. చూసి రాసినదైతే, చూసి రాశాననే చెప్పు.