డ్రెయిన్ బోల్ట్ మర పోయింది... మెకానిక్ నష్టం కట్టాలా?

ప్రశ్న: తిరుపతిలో రేణిగుంట రోడ్డు దగ్గర ఓ గ్యారేజీలో నా బైక్‌కు ఇంజిన్ ఆయిల్ మార్పించాను. రెండో రోజుకే ఆయిల్ కారడం మొదలైంది. పాత ఆయిల్ తీయడానికి ఇంజిన్ కింద ఉండే డ్రెయిన్ బోల్ట్ మర పోయిందట. పొడుగు పానా వేసి బలమంతా పెట్టి బిగించడం నేను కళ్లారా చూశాను. అడిగితే ‘అది ముందే పోయింది’ అంటున్నారు. షోరూమ్ వాళ్లు చాంబర్ (ఆ బోల్ట్ బిగించే ఇంజిన్ అడుగు భాగం) మార్చాలంటున్నారు. ఆ ఖర్చు గ్యారేజీ నుంచి రాబట్టొచ్చా? ఇకపై టార్క్ రెంచ్ (పెట్టిన కొలత మేరకు బిగియగానే క్లిక్ అనే పానా) కొని నేనే బిగించుకుంటే వారంటీ పోతుందా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రాబట్టొచ్చు. అయితే ముందు ఆ బోల్ట్ ఎక్కడుందో చూసుకోండి. మీ కేసుకు అదే ప్రాణం.

డబ్బు తీసుకుని పని సరిగా చేయకపోతే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) కింద సేవాలోపం. కానీ లోపాన్ని రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదుదారుడిదేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘గట్టిగా బిగించారు’ అంటే సరిపోదు, ఎంత గట్టిగానో కొలతలో చూపాలి. మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఆ బోల్ట్‌ను ఎన్ని న్యూటన్ మీటర్ల (బిగింపు బలానికి కొలత) మేరకు బిగించాలో ఉంటుంది. చాలా బైకులకు అది 20, 30 మధ్యే. అడుగు పొడవు పానా చివర 20 కిలోల బరువంత బలం వేస్తే దాదాపు 60 అవుతుంది. బోల్ట్ ఉక్కుది, చాంబర్ అల్యూమినియంది. అందుకే చాంబర్ లోపలి మరే ముందు తెగుతుంది.

బోల్ట్ గాళ్లలో వెండి రంగు తీగలాంటిది చుట్టుకుని ఉంటే, అది చాంబర్ నుంచి ఊడొచ్చిన మరే. దాన్ని తుడవకుండా కవర్లో పెట్టి సీల్ చేయండి. పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. బిల్లు, జాబ్ కార్డు, యూపీఐ చెల్లింపు, వాట్సాప్ మాటలు దాచుకోండి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయండి. రిపేరుకు ముందే వేరే మెకానిక్‌తో పరీక్ష చేయించి, చూసింది చూసినట్టు రాయించుకుని సంతకం తీసుకోండి. మర మీద పాత టెఫ్లాన్ టేపో గమ్మో కనిపిస్తే మాత్రం ‘ముందే పోయింది’ అన్న వాదనకు బలం వస్తుంది. నిజంగా ముందే పోయుంటే బోల్ట్ విప్పినప్పుడే మీకు చెప్పి జాబ్ కార్డులో రాయాలి కదా! గ్యారేజీకి పంపే నోటీసులో ఈ ప్రశ్నే గట్టిగా అడగండి.

ఆయిల్ కారుతుండగా బండి నడపొద్దు. తెలిసీ నడిపి ఇంజిన్ పట్టేస్తే ఆ నష్టం మీ మీదే పడుతుంది. హెలికాయిల్ (పోయిన మర స్థానంలో బిగించే తీగచుట్ట మర) వేస్తే సరిపోయే చోట చాంబర్ మొత్తం ఖరీదు అడగడమూ మంచిది కాదు. నష్టాన్ని తగ్గించుకునే దారి ఉందా అని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణ చూస్తుంది. హెలికాయిల్ పనికిరాదని షోరూమ్ కారణాలతో రాసిస్తే అప్పుడు చాంబర్ ఖరీదు ధైర్యంగా అడగండి.

నోటీసు తప్పనిసరి కాదు, అయినా 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో పంపడం మేలు. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. కమిషన్ నోటీసు అందాక ఎదుటివారు 30 రోజుల్లో, కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి. అది దాటితే వారి జవాబు తీసుకోరు.

వారంటీ ఒక ఒప్పందం, దాని పుస్తకంలో ఏం రాశారన్నదే ముఖ్యం. సర్వీసులు అధీకృత కేంద్రంలోనే చేయించాలని సాధారణంగా ఉంటుంది. బయట ఆయిల్ మార్పించారు కనుక ఇంజిన్ క్లెయిమ్‌కు కంపెనీ అడ్డుచెప్పొచ్చు. దాన్ని సాకుగా చూపి స్పీడోమీటర్ లాంటివి కూడా బాగుచేసేది లేదంటే మాత్రం ఊరుకోకండి.

టార్క్ రెంచ్ తప్పక కొనండి. కానీ పోయిన మర మీద వాడొద్దు. అది క్లిక్ అనదు, మిగిలిన మరా పోతుంది. ఒకటే రెంచ్ అన్నిటికీ చాలదు: స్పార్క్ ప్లగ్ లాంటి చిన్నవాటికి 5–25, యాక్సిల్ నట్లకు 20–110 న్యూటన్ మీటర్లది కావాలి. డ్రెయిన్ బోల్ట్‌కు కొత్త వాషర్ వేసి, చేత్తో కొన్ని చుట్లు తిప్పాకే రెంచ్ పెట్టండి. క్లిక్ అనగానే ఆపండి, రెండోసారి లాగొద్దు. విప్పడానికి వాడొద్దు. పనయ్యాక స్కేలు కనిష్ఠానికి తిప్పి పెట్టండి.

కాలిబ్రేషన్ సర్టిఫికెట్, బిల్లు పారేయకండి. రెంచ్ తప్పు కొలత చూపి మీ చాంబర్‌ను పాడుచేస్తే, వినియోగదారుల రక్షణ చట్టంలోని ఆరో అధ్యాయం కింద తయారీదారుని నష్టపరిహారం అడగడానికి అవే ఆధారం.